దక్షిణం హద్దు

ముప్పై రెండేండ్ల సంది ఒకే వాక్యం రాస్తున్న:
"ప్రేమాభిమానములతో, ఎవరి బలవంతము లేక,
నా పూర్తి ఇష్టపూర్వకముగా..."
వరంగల్ రిజిస్ట్రారాఫీసు గోడపక్కన,
రేకుల కింద, కాళ్లూగే బల్ల మీద.
వచ్చినోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకోకున్నా
ఆ మాట మాత్రం తప్పకుంట రాసిన.

మొన్న సోమారం ఓదేలు వచ్చిండు.
చిలుపూరి ఓదేలు, కొత్తవాడ,
వయసు డెబ్బై ఆరు, వృత్తి నేత.
"వీలునామా రాయాలె సారూ" అన్నడు ముందుగాల.
మగ్గాల కొట్టం, నూట పద్దెనిమిది గజాలు.
తన తర్వాత, ఎంజీఎం దవాఖానకు
రోగుల ఎంబడి వచ్చినోళ్లు పండుకోనీకె.
"గేటు ముందట చూసినవా?
బాలింతరాలి తల్లి అట్టముక్క మీద పంటది.
నేను యాభై ఏండ్లు జంపఖానాలు నేసిన ఊర్లె."

అలవాటు కొద్దీ చెప్పిన:
వీలునామా అంటే మగ్గం మీదున్న పోగు,
ఎప్పుడన్న విప్పుకోవచ్చు.
దానపత్రం కోసి దించిన బట్ట,
మళ్ల మగ్గమెక్కది. ఆలోచించుకో.
"వీలునామా రాస్తే
వాళ్లు పండుకున్నది నేను చూస్తనా?"
"చూడవు."
"గట్లయితే కొయ్యి."

బిడ్డ అనసూర్య పక్కనే ఉన్నది.
పొద్దటి నుంచి మాట్లాడలే.
అప్పుడన్నది: "రేపు మంచాన పడితే ఎట్ల నాయినా?"
కోపమేం లేదు గొంతుల.
చిట్‌ఫండ్ ఆఫీసుల క్యాషియర్ ఆమె.
నేను గూడ ఆమె దిక్కే మాట్లాడిన.
పెట్టే చెయ్యికి తినే చెయ్యి తోడుండాలె ఓదేలూ,
అంత ఇయ్యకు.

గంటసేపు తెగలే ముచ్చట. ఆఖరికి
ఇల్లు బిడ్డకు, ఆయన బతికున్నన్ని దినాలు ఉండే హక్కుతోని.
కొట్టం నేత సంఘానికి.
బ్యాంకుల రెండు లక్షలు మందులకు, ఎవ్వరికీ రాయొద్దు.
మూలకున్న ఒక్క మగ్గం జాగ ఉంచుతనన్నడు.
"ఇచ్చినంక నీదుండదు గద?"
"నాదెందుకైతది, మగ్గంది."
దాన్ని ఏ మాటలల్ల పెట్టాల్నో తోచక
రెండు చాయలు తాగి, షరతు అని రాసిన.

హద్దులు.
తూర్పుకు మునిసిపల్ సందు.
పడమటికి కుందారపు వీరస్వామి అద్దకం తొట్లు,
ఎండిపోయి తొమ్మిదేండ్లు.
ఉత్తరానికి బిడ్డ ఇల్లు.
"దక్షిణానికి ఏమున్నది?"
"రాత్రి పూట అంబులెన్సు ఇనొస్తది" అన్నడు.
రాయబోయి ఆగిన.
సర్కారు అట్ల ఒప్పుకోదు.
ఖాళీ జాగ అని రాసిన.

లోపట మిషన్ ఆయన బొటనవేలు పట్టలే.
తుడిచి పెట్టిండు, ఊది పెట్టిండు,
క్లర్కు పిల్ల తడిగుడ్డ ఇచ్చింది.
నూలు అరగదీసిన వేలు అది.
గీతలన్ని ఎవరెవరి పెండ్లి పందిట్లనో,
ఎవరెవరి పంచాయితీల కిందనో
పరుచుకున్నయి, ఇక్కడికేడ వస్తయి?
ఆఖరికి చిటికెన వేలు పట్టింది.

సాక్షి సంతకం అనసూర్యది, మొదటిది.
"ఈ దినము లగాయతు నాకు గాని, నా వారసులకు గాని"
అన్న కాడ ఒక్క గడియ ఆగి చదువుకున్నది.
పెట్టింది.
సంఘం తరఫున తీసుకుంటున్నమని
రాసిచ్చిన పోరనికి చెయ్యి వణికింది.
ఇచ్చేటాయనకు వణకలే.

రాతకూలి పదిహేను వందలు
ఆయన లెక్కవెట్టి ఇచ్చిండు,
నేను లెక్కవెట్టి తీసుకున్న.
ఆ రాత్రి నా సొరుగు తీసిన.
మూడోసారి తిరగరాసిన నా వీలునామా.
"నా తదనంతరం" అన్న మాట కింద
ఎప్పుడో గీత గూడ కొట్టిన్న, గట్టిగ.

నెలకు, పనుండి కొత్తవాడ దిక్కు పోయిన.
కొట్టంల లైటు.
ఏదో పిల్లగాడు దగ్గుతున్నడు,
మూలకెళ్లి మగ్గం సప్పుడు, మెల్లగ, నిద్ర చెడకుంట.
లోపటికి పోలే.
గడప బయట చెప్పులు లెక్కవెట్టిన.
పదకొండు జతలు,
ఇంకొకటి ఒంటిది.